నెలకో రిలీజ్ నుంచి రోజుకో రిలీజ్ దాకా: డెవాప్స్‌ను ఒక టీమ్‌లో అమలు చేసే క్రమం

అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద డెవాప్స్ అంటే గిట్, జెంకిన్స్, డాకర్, క్యూబర్నెటిస్, టెర్రాఫామ్ అనే టూల్స్ కలిపిన ఒక కోర్సు. ఉద్యోగ ప్రకటనల్లో అదొక పోస్టు పేరు. చాలా కంపెనీల్లో డెవలపర్లకూ ఆపరేషన్స్ వాళ్లకూ మధ్య కొత్తగా వెలిసిన మూడో టీమ్ పేరు. నిజానికి అది కోడ్ రాసే డెవలపర్లూ, దాన్ని సర్వర్ల మీద నడిపే ఆపరేషన్స్ వాళ్లూ కలిసి పనిచేసే పద్ధతి. 2009 జూన్‌లో ఫొటోల సైటు ఫ్లికర్ ఇంజినీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ వెలాసిటీ సదస్సులో నిలబడి, తమ సైటులో రోజుకు పదికి పైగా డిప్లాయ్‌మెంట్లు (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడం) ఎలా జరుగుతున్నాయో చెప్పేనాటికి డాకర్ రాలేదు (2013), క్యూబర్నెటిస్ రాలేదు (2014). వాళ్ల దగ్గర ఉన్నవి వేరు. అందరికీ ఒకే వెర్షన్ కంట్రోల్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది), ఒక్క నొక్కుతో జరిగే బిల్డ్ (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చడం), డిప్లాయ్, ఫీచర్ ఫ్లాగ్‌లు (కోడ్‌లోని ఒక ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), రెండు వైపులవాళ్లూ చూసే ఒకే గ్రాఫ్‌లు, ఏదైనా పడిపోతే మనిషి మీద పడకుండా ఉండే అలవాటు. అదే ఏడాది అక్టోబరులో ప్యాట్రిక్ డెబ్వా బెల్జియంలోని ఘెంట్‌లో డెవాప్స్‌డేస్ నిర్వహించాక ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

ఈ పద్ధతికి మూలం రెండే విషయాలు. ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోకి వెళ్లే ప్రతి మార్పూ చిన్నదిగా ఉండాలి. ఆ మార్పు చేసినవాళ్లకే దాని ఫలితం త్వరగా తెలియాలి. కింద చెప్పే అంచెలన్నీ ఈ రెండింటి కోసమే. ఏ టూల్ కొనాలన్నా, ఏ మీటింగ్ పెట్టాలన్నా ఈ రెండింటిలో ఒకటైనా మెరుగవుతుందా అని అడిగి చూడండి.

ఉదాహరణకు ఒక మామూలు టీమ్‌ను తీసుకుందాం. ఎనిమిది మంది, ఒక వెబ్ అప్లికేషన్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, నెలకోసారి శుక్రవారం రాత్రి రిలీజ్, ఆ రాత్రంతా కాల్‌లో ఇరవై మంది.

మొదటి అంచె: ఇప్పుడున్న దారిని కాగితం మీద పెట్టండి

ఈమధ్య ప్రొడక్షన్‌లోకి వెళ్లిన ఐదు మార్పులు ఎంచుకోండి. ఒక్కో దానికి తేదీ, సమయంతో రాయండి: పని ఎప్పుడు మొదలైంది, కోడ్ ఎప్పుడు పూర్తయింది, రివ్యూ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, మెర్జ్ (ప్రధాన కోడ్‌లో కలపడం) ఎప్పుడు, టెస్టింగ్‌కు ఎప్పుడు చేరింది, ఆమోదం ఎప్పుడు దొరికింది, ప్రొడక్షన్‌లోకి ఎప్పుడు వెళ్లింది. ఇవన్నీ గిట్‌లోనూ (వెర్షన్ కంట్రోల్ టూల్) టికెట్లలోనూ మెయిళ్లలోనూ ఉంటాయి, ఎవరినీ గుర్తు తెచ్చుకోమనకండి. తర్వాత ఎవరో ఒకరి చేతిలో పని ఉన్న సమయాన్నీ, ఎవరి చేతిలోనూ లేకుండా ఎదురుచూసిన సమయాన్నీ విడదీయండి. రెండు గంటల పని ప్రొడక్షన్ చేరడానికి మూడు వారాలు పట్టిందంటే, కోడింగ్ వేగం పెంచినందువల్ల ఒరిగేదేమీ లేదు.

హైదరాబాద్‌లో టీమ్, న్యూజెర్సీలో ఆమోదించే వ్యక్తి ఉన్నచోట ఈ లెక్క ఇంకా స్పష్టంగా తేలుతుంది. అక్కడికీ ఇక్కడికీ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. ఇక్కడ ఉదయం 11కు అడిగిన ప్రశ్న అక్కడ అర్ధరాత్రి దాటాక చేరుతుంది. జవాబు వచ్చేసరికి ఇక్కడ రాత్రవుతుంది. అంటే ఒక్కో ప్రశ్నకు ఒక రోజు పోయినట్టే. దీనికి జెంకిన్స్‌లో మందు లేదు. ఏయే రకం మార్పులకు విడిగా అనుమతి అక్కర్లేదో ముందే రాసి, ఒక్కసారి సంతకం చేయించుకోవాలి. ఐటిల్ (ఐటీ సేవల నిర్వహణ పద్ధతుల సంపుటి) పాటించే సంస్థల్లో కూడా ముందస్తు ఆమోదం ఉన్న 'స్టాండర్డ్ చేంజ్' అనే వెసులుబాటు ఉంటుంది, అడగరు కాబట్టి ఇవ్వరు. డేటాబేస్ జోలికి పోనివి, ఫ్లాగ్ వెనక ఉన్నవి, పైప్‌లైన్ (కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసి, పరీక్షించి, డిప్లాయ్ చేసే వరస) పరీక్షలన్నీ దాటినవి అనే మూడు షరతులతో మొదలుపెడితే ఒప్పించడం తేలిక.

బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ క్లయింట్లయితే ఆడిటర్లు అడ్డు చెబుతారు: కోడ్ రాసినవాళ్లే ప్రొడక్షన్‌లో పెట్టకూడదు కదా అని. నిజమే, అందుకే పెట్టేది మనిషి కాకుండా పైప్‌లైన్ కావాలి. రాసినవారు కాక వేరొకరు రివ్యూ చేస్తేనే మెర్జ్ అయ్యేలా రిపాజిటరీలో (కోడ్ ఉండే చోట) నియమం పెట్టండి. ఎవరు రాశారు, ఎవరు చూశారు, ఏ పరీక్షలు దాటింది, ఎప్పుడు వెళ్లింది అన్నీ అక్కడే నమోదవుతాయి. ఎక్సెల్ షీట్‌లో చేత్తో నింపిన రికార్డు కంటే ఆడిటర్‌కు ఇదే గట్టి సాక్ష్యం.

రెండో అంచె: బ్రాంచ్‌ల ఆయుష్షు తగ్గించండి

అందరి కోడ్ కలిసే మెయిన్ బ్రాంచ్ నుంచి విడిపోయిన పని ఒకటి, మహా అయితే రెండు రోజుల్లో తిరిగి కలిసిపోవాలి. మూడు వారాలు విడిగా నడిచిన బ్రాంచ్‌ను కలిపేటప్పుడు వచ్చే తగాదాల్లో గిట్ చూపించే వాటికంటే చూపించనివే ప్రమాదం: ఇద్దరూ వేర్వేరు ఫైళ్లలో మార్చారు, గిట్ నోరెత్తలేదు, కానీ ఒకరు మార్చిన ఫంక్షన్ అర్థం మీద ఇంకొకరి కోడ్ ఆధారపడి ఉంది.

పని సగంలో ఉన్నా కలపవచ్చు, ఫీచర్ ఫ్లాగ్ వెనక ఆఫ్‌లో పెట్టి. రివ్యూకు వచ్చే మార్పు రెండు మూడు వందల లైన్లు దాటకుండా చూసుకోండి. రెండు వేల లైన్లు పంపితే 'బాగుంది' అని రాసి వదిలేస్తారు, ఇరవై లైన్లు పంపితే పది వ్యాఖ్యలు వస్తాయి. రివ్యూ అడిగిన నాలుగు గంటల్లోపు చూడాలని టీమ్ మొత్తం ఒప్పుకోవాలి. ఈ ఒప్పందం లేకపోతే మిగతా ఆటోమేషన్ ఎంత ఉన్నా మార్పులు రివ్యూ దగ్గరే కూర్చుంటాయి.

మూడో అంచె: పది నిమిషాల పైప్‌లైన్

మెర్జ్ చేసిన పది నిమిషాల్లో బాగుందో లేదో తేలాలి. అంతకు మించితే డెవలపర్ ఇంకో పనిలోకి వెళ్లిపోతాడు, తిరిగి వచ్చేసరికి ఏం రాశాడో మరిచిపోతాడు. త్వరగా తేలేవి ముందు పెట్టండి: ఫార్మాట్, లింట్ (కోడ్‌ను నడపకుండానే తప్పులు పట్టే) పరీక్షలు అర నిమిషం, యూనిట్ టెస్టులు రెండు మూడు నిమిషాలు, ఇమేజ్ (అప్లికేషన్‌నూ దానికి కావాల్సినవన్నీ కలిపిన ప్యాకేజీ) బిల్డ్, లైబ్రరీల్లో తెలిసిన భద్రతా లోపాల తనిఖీ, ఆ తర్వాత అసలైన పోస్ట్‌గ్రెస్ కంటెయినర్‌తో (నడుస్తున్న ఇమేజ్) ఇంటిగ్రేషన్ టెస్టులు, అంటే భాగాలన్నీ కలిసి పనిచేస్తున్నాయా అన్న పరీక్షలు. ఇక్కడ తేలికగా నడుస్తుందని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడకండి. లాక్‌లు, డేటా రకాలు, ట్రాన్సాక్షన్ల తీరు వేరు కాబట్టి ప్రొడక్షన్‌లో పగిలేవి ఇక్కడ పగలవు. బ్రౌజర్ నడిపే టెస్టులు లాగిన్, పేమెంట్ లాంటి ఐదారు ముఖ్యమైన దారులకే చాలు.

ఎర్రబడిన (పరీక్ష ఫెయిలైన) పైప్‌లైన్‌ను పదిహేను నిమిషాల్లో సరిచేయలేకపోతే ఆ మార్పును వెనక్కి తీసేయాలి. రివర్ట్ చేయడం అవమానమేమీ కాదు. తీరిగ్గా బాగుచేసి మళ్లీ పెట్టుకోవచ్చు.

ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 200 టెస్టులున్నాయనుకుందాం, ఒక్కోటి వెయ్యి సార్లకు ఒకసారి ఊరికే ఫెయిలవుతుంది. ఒక్కో టెస్టు దగ్గర అది చిన్న సంగతే. మొత్తం పైప్‌లైన్ దగ్గరికి వస్తే దాదాపు 18 శాతం రన్‌లు కారణం లేకుండా ఎర్రబడతాయి. అంటే ఐదారు సార్లకు ఒకసారి. ఇక జనం ఎర్రరంగు చూడగానే ఆలోచించకుండా 'మళ్లీ నడుపు' నొక్కడానికి అలవాటు పడతారు, నిజమైన బగ్ వచ్చిన రోజూ అదే చేస్తారు. అలాంటి టెస్టును ఆ రోజే ప్రధాన వరస నుంచి తీసి పక్కన పెట్టండి, ఒక పేరు, ఒక వారం గడువు ఇవ్వండి. గడువులో బాగుపడకపోతే తొలగించండి.

బిల్డ్ ఒక్కసారే జరగాలి. స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌ను పోలిన పరీక్షా సర్వర్లు) పరీక్షించిన ఇమేజే ప్రొడక్షన్‌లోకి వెళ్లాలి, ప్రొడక్షన్ కోసం మళ్లీ బిల్డ్ చేస్తే మధ్యలో ఏదో లైబ్రరీ వెర్షన్ మారి, మీరు పరీక్షించనిది వెళ్తుంది. ఇమేజ్‌కు 'లేటెస్ట్' అని ట్యాగ్ పెట్టకండి, కమిట్ హ్యాష్ (గిట్‌లో ఒక్కో మార్పుకు ఉండే గుర్తింపు కోడ్) పెట్టండి. రాత్రి రెండింటికి 'ఇప్పుడు నడుస్తున్నది ఏది' అన్న ప్రశ్నకు 'లేటెస్ట్' జవాబు కాదు. డేటాబేస్ చిరునామాల్లాంటి సెట్టింగులు ఇమేజ్ బయట ఉండాలి. పాస్‌వర్డ్ పొరపాటున గిట్‌లోకి వెళ్తే తర్వాతి కమిట్‌లో చెరిపేసినంత మాత్రాన పోదు, చరిత్రలో ఉంటుంది. వెంటనే ఆ పాస్‌వర్డే మార్చాలి.

నాలుగో అంచె: డిప్లాయ్ వేరు, రిలీజ్ వేరు

2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ బ్రోకరేజీ నైట్ క్యాపిటల్‌లో జరిగింది ఈ అంచెకు పాఠ్యపుస్తకం లాంటిది. ఆర్డర్లు పంపే కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో చేత్తో పెట్టారు. ఒకదాంట్లో పెట్టడం మరిచారు, రెండో మనిషి సరిచూడలేదు. కొత్త కోడ్‌ను ఆన్ చేయడానికి వాడిన ఫ్లాగ్, ఏళ్ల క్రితం వాడకం మానేసినా తీసేయని పాత కోడ్‌దే. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పాత కోడ్‌ను లేపింది. మార్కెట్ తెరవకముందే లోపాన్ని సూచిస్తూ 97 ఆటోమేటిక్ మెయిళ్లు వెళ్లాయి, వాటిని అలర్ట్‌లుగా ఎవరూ చూడలేదు. గందరగోళంలో ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను వెనక్కి తీశారు, ఫ్లాగ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. దాంతో ఆ ఏడూ ఎనిమిదో దానిలాగే తయారయ్యాయి. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం.

దీన్నుంచి మీ టీమ్‌కు పనికొచ్చేవి వరసగా: డిప్లాయ్ అయ్యాక ప్రతి సర్వర్‌నూ దాని కమిట్ హ్యాష్ అడిగి, అన్నీ ఒకటే అని స్క్రిప్టే సరిచూడాలి. ఫ్లాగ్ పేరు రెండోసారి వాడకూడదు. ఫీచర్ 100 శాతం అయిన నెలలోపు ఫ్లాగ్‌నూ పాత కోడ్‌నూ తీసేసే టికెట్, ఫ్లాగ్ పుట్టిన రోజే రాయాలి. రోల్‌బ్యాక్ అంటే కోడ్‌తోపాటు ఫ్లాగ్‌లు, సెట్టింగులు కూడా పాత స్థితికి రావాలి.

కోడ్‌ను ప్రొడక్షన్‌లో ఉంచడం డిప్లాయ్. అది వాడేవాళ్లకు కనిపించడం రిలీజ్. రెండూ విడిపోతే డిప్లాయ్ పగటిపూట, అందరూ సీట్లలో ఉన్నప్పుడు చేయవచ్చు. శుక్రవారం రాత్రి ఎంచుకోవడానికి కారణం భయం, కానీ ఆ వేళలో ఏదైనా పగిలితే దాన్ని రాసినవాళ్లు నిద్రలో ఉంటారు. మంగళవారం ఉదయం 11 మేలు.

కెనరీ పద్ధతిలో మొదట 5 శాతం ట్రాఫిక్‌ను కొత్త వెర్షన్‌కు పంపి 15 నిమిషాలు చూడండి, తర్వాత 25, 50, 100. ప్రతి మెట్టు దగ్గరా పాత వెర్షన్, కొత్త వెర్షన్ల ఎర్రర్ శాతాన్నీ, జవాబుకు పట్టే సమయాన్నీ పక్కపక్కన పోల్చి, తేడా హద్దు దాటితే పైప్‌లైన్ తనే వెనక్కి తిప్పాలి. సెకనుకు 100 అభ్యర్థనలు వచ్చే సైటులో 5 శాతం అంటే పదిహేను నిమిషాల్లో 4,500, పోల్చడానికి చాలు. నిమిషానికి పది వచ్చే అంతర్గత అప్లికేషన్‌లో ఏడెనిమిది మాత్రమే వస్తాయి, దాన్నుంచి ఏమీ తేలదు. అక్కడ కెనరీ హడావుడి మాని, మొదట మీ టీమ్ ఖాతాలకే ఫ్లాగ్ ఆన్ చేసి ఒక రోజు వాడి చూడండి.

కంటెయినర్లను నడిపే క్యూబర్నెటిస్ వాడుతుంటే రెండు చోట్ల తరచుగా దెబ్బ తింటారు. మొదటిది, లైవ్‌నెస్ ప్రోబ్‌లో (ఫెయిలైతే అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేయించే పరీక్ష) డేటాబేస్ కనెక్షన్‌ను పరీక్షిస్తారు. డేటాబేస్ కాసేపు నెమ్మదిస్తే పాడ్‌లన్నీ (అప్లికేషన్ నడుస్తున్న కాపీలు) ఒకేసారి రీస్టార్ట్ అయి, అన్నీ కలిసి మళ్లీ కనెక్షన్ల కోసం ఎగబడి, చిన్న సమస్యను పెద్దది చేస్తాయి. లైవ్‌నెస్‌లో ప్రాసెస్ బతికుందా అన్నదే చూడాలి. రెండోది, పాడ్‌ను ఆపేటప్పుడు క్యూబర్నెటిస్ 'ఇక ఆగు' అనే సిగ్‌టర్మ్ సిగ్నల్ పంపి మామూలుగా 30 సెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత చంపేస్తుంది. అప్లికేషన్ ఆ సిగ్నల్ అందుకుని చేతిలో ఉన్న అభ్యర్థనలు పూర్తి చేయకపోతే, ప్రతి డిప్లాయ్‌కూ కొందరికి ఎర్రర్లు కనిపిస్తాయి. రోజుకో డిప్లాయ్ మొదలుపెట్టాకే ఇది బయటపడుతుంది.

ఐదో అంచె: డేటాబేస్ మార్పులు

కోడ్‌ను వెనక్కి తిప్పడం నిమిషాల పని. తీసేసిన కాలమ్‌ను వెనక్కి తేలేం. అందుకే స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పు ఎప్పుడూ పాత కోడ్‌తోనూ కొత్త కోడ్‌తోనూ ఒకేసారి పనిచేసేలా ఉండాలి, కెనరీ నడిచే గంటలో రెండూ ఒకే డేటాబేస్ మీద ఉంటాయి మరి. వినియోగదారుల టేబుల్‌లో 'ఫోన్' కాలమ్ పేరును 'మొబైల్'గా మార్చాలనుకోండి. ఒక్క ఆజ్ఞతో పేరు మారిస్తే ఆ క్షణం నుంచి పాత కోడ్ పగులుతుంది. దీన్ని విడివిడి డిప్లాయ్‌లుగా చేయాలి:

1. 'మొబైల్' అనే కొత్త కాలమ్‌ను ఖాళీగా చేర్చండి.
2. రెండు కాలమ్‌లలోనూ రాసే కోడ్ పెట్టండి. చదవడం మాత్రం పాతదాన్నుంచే.
3. పాత వరుసలను వెయ్యి నుంచి ఐదు వేల చొప్పున, మధ్యలో కాస్త ఆగుతూ, కొత్త కాలమ్‌లోకి నింపండి. కోటి వరుసలను ఒకే అప్‌డేట్‌తో మారిస్తే ఆ వరుసలన్నీ లాక్ అవుతాయి, రెప్లికాలు (డేటాబేస్ నకళ్లు) వెనకబడతాయి.
4. రెండు కాలమ్‌లు సరిపోలని వరుసలు సున్నా అని లెక్కించి చూసుకుని, చదివే కోడ్‌ను కొత్తదానికి మార్చండి.
5. ఒకటి రెండు వారాలు గడిచాక పాతదాంట్లో రాయడం ఆపండి.
6. చివర్లో పాత కాలమ్ తీసేయండి.

చిరాకుగా కనిపించినా ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు, మొదటి ఐదింటిలో ఎక్కడినుంచైనా వెనక్కి రావచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో చిక్కు. కాలమ్ చేర్చడం క్షణంలో అయ్యే పనే, కానీ దానికి టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అప్పటికే ఎవరో పెద్ద రిపోర్టు క్వెరీ నడుపుతుంటే మీ ఆజ్ఞ దాని వెనక నిలబడుతుంది, తర్వాత వచ్చిన ప్రతి మామూలు క్వెరీ మీ ఆజ్ఞ వెనక నిలబడుతుంది. చూస్తుండగానే సైటు ఆగిపోతుంది. మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్టు) మొదట్లో లాక్ టైమౌట్‌ను రెండు సెకన్లకు పెట్టండి. ఆలోపు లాక్ దొరక్కపోతే ఆజ్ఞ ఫెయిలవుతుంది, కాసేపటికి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్టు పెట్టుకోండి. ఇండెక్స్‌లను 'కాంకరెంట్లీ' మాటతోనే కట్టండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్‌ను వదిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి.

ఆరో అంచె: ఎవరు కట్టారో వాళ్లే నడపాలి

అమెజాన్ సీటీఓ వెర్నర్ వోగెల్స్ 2006లోనే చెప్పిన సూత్రం ఇది. మన దగ్గర సర్వీస్ కంపెనీల్లో చాలాచోట్ల రాత్రి షిఫ్ట్‌లో సపోర్ట్ టీమ్ రన్‌బుక్ (సమస్య వస్తే ఏం చేయాలో రాసిన పత్రం) చూసి సర్వీస్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేస్తుంది. అదే టికెట్ ముప్ఫై రాత్రులు వస్తుంది. మెమొరీ లీక్ రాసిన డెవలపర్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఎనిమిది మందిలో వారానికొకరు ఆన్‌కాల్ (సమస్య వస్తే ఏ వేళైనా స్పందించే వంతు) ఉంటే ఒక్కొక్కరికి రెండు నెలలకోసారి వంతు వస్తుంది. ముగ్గురితో నడిపితే ఏడాదిలోపే ఎవరో ఒకరు రాజీనామా పెడతారు. రాత్రి లేచినవారికి మర్నాడు సెలవు లేదా అదనపు వేతనం ముందే రాసుకోండి. అలర్ట్‌కు నియమం: వాడేవాళ్లకు ఇబ్బంది కలుగుతుండాలి, మనిషి లేచి ఇప్పుడు చేయగలిగింది ఏదో ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ఉదయం చూసుకునే టికెట్. సీపీయూ 85 శాతం దాటిందని ఎవరినీ లేపకండి, సీపీయూ నిండినా పేజీలు త్వరగా తెరుచుకుంటుంటే అది సమస్యే కాదు.

ఎంత నమ్మకంగా నడవాలన్నది అంకెలో ముందే తేల్చుకోండి. 30 రోజుల్లో 99.9 శాతం అంటే 43 నిమిషాల అంతరాయం చెల్లుతుంది, 99.99 శాతం అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. ఆ నలభై మూడు నిమిషాలు మీ ఎర్రర్ బడ్జెట్. మిగిలి ఉంటే కొత్త ఫీచర్లు ధైర్యంగా పెట్టండి. ఖర్చయిపోతే నెలాఖరుదాకా స్థిరత్వం పనులే. 'ఫీచర్ ముందా, బగ్ ముందా' అనే వాదనలో గొంతు పెద్దదైనవాళ్లు గెలవకుండా ఇది కాపాడుతుంది. ప్రోడక్ట్ మేనేజర్ ముందే ఒప్పుకుని ఉండాలి సుమా. బడ్జెట్ అయిపోయిన రోజు చెబితే ఎవరూ వినరు.

ఏడో అంచె: నిందలేని పోస్ట్‌మార్టం

అన్నింటిలోకీ కష్టమైనది ఇదే, మన ఆఫీసుల్లో మరీను. ప్రొడక్షన్ పడగానే 'ఎవరు చేశారు' అనే మెయిల్ వస్తుంది, సీసీలో నలుగురు మేనేజర్లు. అప్రైజల్ మూడు నెలల్లో ఉంటుంది. అప్పుడు మనుషులు చేసేది ఊహించడం కష్టం కాదు: లాగ్స్ చూపించరు, చిన్న తప్పుల్ని చెప్పరు, పెద్దవి బయటపడేదాకా ఆగుతారు.

2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెప్లికా డేటాబేస్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను తొలగించాడు. బ్యాకప్ కోసం చూస్తే, రోజూ తీయాల్సిన డంప్ (డేటాబేస్ మొత్తం నకలు) సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్లుగానో ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, కారణాలన్నీ బయటపెట్టారు. ఆ మనిషిని తీసేసి ఊరుకుంటే డంప్ ఫెయిలవుతున్న సంగతి అలాగే ఉండేది. దిద్దుబాట్ల జాబితాలో ఏ సర్వర్‌లో ఉన్నారో టెర్మినల్‌లో స్పష్టంగా కనిపించేలా ప్రాంప్ట్ మార్చడం ఒకటి, బ్యాకప్‌ల మీద నిఘా ఇంకొకటి. మీ దగ్గర కూడా నెలకోసారి బ్యాకప్‌ను కొత్త సర్వర్‌లోకి ఎక్కించి, వరుసల సంఖ్య సరిపోల్చి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

పోస్ట్‌మార్టం (అంతరాయం తర్వాత కారణాలు తేల్చే సమావేశం) మూడు నాలుగు రోజుల్లోపు జరగాలి, గంట చాలు. నిమిషాలతో సహా ఏం జరిగిందో, ఎందరికి ఇబ్బంది కలిగిందో, ఎలా తెలిసిందో (మన అలర్ట్ చెప్పిందా, కస్టమర్ ఫోన్ చేశాడా) రాయండి. పేర్లకు బదులు 'ఆన్‌కాల్ ఇంజినీరు' అనండి. 'ఎందుకలా చేశారు' అని అడగకండి, 'ఆ క్షణంలో మీకు స్క్రీన్ మీద ఏం కనిపించింది' అని అడగండి. మొదటి ప్రశ్నకు సంజాయిషీ వస్తుంది, రెండో దానికి సమాచారం వస్తుంది. 'ఇకపై జాగ్రత్తగా ఉండాలి' అనే దిద్దుబాటును కొట్టేయండి. మూడు నుంచి ఐదు పనులు, ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీ, వచ్చే స్ప్రింట్‌లో చోటు. మేనేజర్ ఈ పత్రాన్ని అప్రైజల్‌లో ఒక్కసారి వాడినా చాలు, తర్వాతి పత్రాల్లో నిజం ఉండదు.

కొలతలు

డెవాప్స్ పనితీరును అధ్యయనం చేసే డోరా పరిశోధన ప్రచారంలోకి తెచ్చిన నాలుగు కొలతలు చాలు: ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నారు, కమిట్ నుంచి ప్రొడక్షన్‌కు ఎంత సమయం, ఎంత శాతం డిప్లాయ్‌లు ఇబ్బంది తెచ్చాయి, ఇబ్బంది వస్తే కోలుకోవడానికి ఎంతసేపు. మొదటి రెండూ గిట్, పైప్‌లైన్ లాగ్‌ల నుంచి స్క్రిప్టుతో వస్తాయి, మిగతా రెండింటికి ప్రతి ఇన్సిడెంట్ టికెట్‌లో కారణమైన డిప్లాయ్ హ్యాష్ రాసే అలవాటు కావాలి. సగటు కాకుండా మధ్యస్థం చూడండి, రెండు రోజులు సాగిన ఒక్క అంతరాయం సగటును చెడగొడుతుంది. వీటిని మనుషుల మీద, టీమ్‌ల పోటీ మీద పెట్టకండి. డిప్లాయ్‌ల సంఖ్యకు బోనస్ పెడితే ఒక మార్పు ఐదు ముక్కలవుతుంది, ఫెయిల్యూర్ శాతానికి కోత పెడితే ఇన్సిడెంట్లు టికెట్‌లోకి రావడం మానేస్తాయి.

నెలకో రిలీజ్ ఉన్న టీమ్ మొదటి నెలలో దారి గీయడం, బ్రాంచ్‌లు, రివ్యూ ఒప్పందం వరకే పెట్టుకోవాలి. రెండో నెలలో పైప్‌లైన్, రెండు వారాలకో రిలీజ్. మూడో నెలలో ఫ్లాగ్‌లు, పగటి డిప్లాయ్, వారానికొకటి. పోస్ట్‌మార్టం మాత్రం మొదటి వారం నుంచే, ఎంత చిన్న అంతరాయమైనా. డాకర్ లేని అప్లికేషన్‌ను ఈ మూడు నెలల్లోనే క్యూబర్నెటిస్‌కు మార్చాలని ఎవరైనా అంటే వాయిదా వేయండి. రెండూ కలిపి చేస్తే ఏదైనా పగిలినప్పుడు కారణం కొత్త పద్ధతా, కొత్త ప్లాట్‌ఫామా అన్నది తేల్చలేరు.